కారు ఏసీకి ఏటా గ్యాస్ పట్టించాల్సిందేనా? కర్నూలులో నాకైన ఖర్చు

పోయిన ఏప్రిల్‌లో గ్యాస్ పట్టిస్తే ఈ మార్చికే ఏసీ వేడిగాలి కొడుతోందని, షాపులో మళ్లీ 2,200 అడుగుతున్నారని, ఇది ఏటా ఉండే ఖర్చేనా అని మీరు అడిగారు. కాదండీ. దయచేసి ఆ 2,200 ఇప్పుడే కట్టకండి. నేను ఇదే పని రెండుసార్లు చేసి డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

ఏసీ గ్యాస్ పెట్రోలు మాదిరి ఖర్చయిపోయేది కాదు. కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తిప్పేది), కండెన్సర్ (బండి ముందు భాగంలో ఉండి వేడిని బయటికి వదిలేది), కూలింగ్ కాయిల్ (లోపలికి వచ్చే గాలిని చల్లబరిచేది) మధ్య అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల్లోంచి, సీళ్లలోంచి ఏళ్ల తరబడి ఏ కొంచెమో పోవడం మామూలే. ఆరేడేళ్లకు ఒకసారి పట్టించాల్సి వచ్చిందంటే అర్థం ఉంది. ఏడాదిలోపే ఖాళీ అయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

మాది 2013 నాటి చిన్న కారు. పని మీద రోజూ బేతంచెర్ల పోయి వచ్చేవాణ్ణి, బండల లారీల వెనక, కంకర టిప్పర్ల వెనక. ఒక ఎండాకాలం ఏసీ తగ్గింది. ఒక షాపులో టిన్ను తగిలించి పది నిమిషాల్లో పట్టేసి 1,400 తీసుకున్నారు. ఆ సాయంత్రం గాలి చల్లగానే వచ్చింది. నలభై రోజులు కూడా కాలేదు, మే నెలలో నంద్యాల నుంచి మా అమ్మను డాక్టరు దగ్గరికి కర్నూలు తీసుకొస్తుంటే ఓర్వకల్లు దాటేలోపే వేడిగాలి మొదలైంది. అద్దాలు దించితే బయటి వడగాలి, ఎత్తితే లోపల ఉక్క. వెనక సీట్లో అమ్మ తడి టవలు తల మీద వేసుకుని కూర్చుంది, ఒక్క మాట అనలేదు. అది చూసి తట్టుకోలేక మరుసటి రోజే ఇంకో షాపులో 1,500 పెట్టి మళ్లీ పట్టించా. అదీ నెల తిరక్కుండానే పోయింది.

మూడోసారి ఒక పెద్దాయన దగ్గరికి పోయా. ఏసీ పని తప్ప ఇంకోటి ముట్టడు. ప్రెషర్ చూసే గేజి తీయకముందే "ఎన్నిసార్లు పట్టించినావు?" అని అడిగాడు. రెండుసార్లు అన్నాను. "గ్యాస్ ఉత్తపుణ్యానికి పోదు సార్. యాడో బొక్క ఉంది. ముందు అది సూద్దాం" అన్నాడు. బంపరు ముందు మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, కండెన్సర్ కింది మూల చూపించాడు. రూపాయి బిళ్లంత మేర నల్లగా, జిడ్డుగా ఉంది, దుమ్ము దానికే అతుక్కుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి లీకైన చోట ఆయిల్ చెమ్మ మిగులుతుందట. నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురుగు బ్రష్‌తో పూస్తే ఆ మచ్చ మధ్యలో చిన్న చిన్న బుడగలు ఆగకుండా లేచాయి. రాయి తగిలిన గుర్తు పక్కనే ఉంది.

ఆ రోజు అయిన ఖర్చు: కండెన్సర్ 3,600, ఓరింగులు (జాయింట్లలో వేసే రబ్బరు రింగులు), ఆయిల్ కలిపి 350, గ్యాస్ 1,600, కూలి 900. మొత్తం 6,450. అంతకుముందు గాలిలో కలిసిపోయిన 2,900 వేరే. తర్వాత నాలుగు ఎండాకాలాలు గడిచాయి, గ్యాస్ ముట్టుకోలేదు. మీ బండికి ఇదే లెక్క అని చెప్పను. పైపు జాయింటు దగ్గర ఓరింగో, గ్యాస్ ఎక్కించే చోట ఉండే చిన్న వాల్వో పోయి ఉంటే కొన్ని వందల్లో తేలిపోతుంది. కూలింగ్ కాయిల్ అయితే చాలా బండ్లలో డాష్‌బోర్డు విప్పాలి, కూలే ఎక్కువవుతుంది.

పని ఎలా చేస్తారో దగ్గరుండి చూడండి, ధర కంటే అదే ముఖ్యం. లీకు మూసిన తర్వాత వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాలి. లోపలి గాలి, తేమ పోవడానికే అది. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్ కూలింగ్ కాయిల్‌లోకి పోయే సన్నటి దారి) దగ్గర గడ్డకట్టి కూలింగ్ ఆగిపోతుంది, కొంతకాలానికి లోపలి భాగాలు తుప్పు పడతాయి. పంపు ఆపాక ఒక పావుగంట గేజి ముల్లు కదలకుండా నిలబడాలి. పైకి లేస్తుంటే లీకు ఇంకా ఉన్నట్టు, లేదా తేమ పూర్తిగా పోనట్టు. నాకు మొదటి రెండు షాపుల్లో ఈ పంపే బయటికి తీయలేదు.

ఇక కొలత. బానెట్ కింద స్టిక్కర్ మీద గ్యాస్ రకం, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. మా బండికి ఆర్134ఏ, 380 గ్రాములు. పెద్దాయన టిన్నును తూకం మీద పెట్టి అంతే ఎక్కించాడు. "గేజి చూస్తే తెలిసిపోద్ది" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు లోపల గ్యాస్ కొంచెం ద్రవంగా మిగిలి ఉన్నా చాలు, ప్రెషర్ ఎండను బట్టే ఉంటుంది. 40 డిగ్రీల వేడిలో ఆర్134ఏ దాదాపు 130 పీఎస్ఐ (గేజి మీద ప్రెషర్ కొలత) చూపిస్తుంది, గ్యాస్ సగమే ఉన్నా సరే. ఎక్కువ పట్టినా నష్టమే, కూలింగ్ తగ్గి కంప్రెసర్ మీద బరువు పడుతుంది. ఇంటి ఏసీ గ్యాస్ వేరు, దాన్ని కారులో పట్టనివ్వకండి. పాత గ్యాస్ మిగిలి ఉంటే గాలిలోకి వదిలేయకుండా మిషన్‌తో లాగే షాపు దొరికితే అక్కడికే పోండి. ఆర్134ఏ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1,300 రెట్లు మించినది. మన ఎండలకు మనమే ఇంకాస్త కలపడం ఎందుకు?

షాపుకు పోకముందు ఇంట్లోనే రెండు చూడండి. చాలా బండ్లలో గ్లవ్ బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది. మన అనంతపురం, కర్నూలు దుమ్ముకు అది ఆరు నెలల్లోనే బూడిద రంగు తిరుగుతుంది. గాలి చల్లగా ఉండి బలం తక్కువైతే చాలావరకు తప్పు దానిదే. రోడ్డు మీద పోతుంటే చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కుతుంటే, ఏసీ వేసి, బానెట్ కింద ముందు వైపున్న ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. కండెన్సర్‌కు మట్టి పట్టి ఉన్నా అంతే, మెల్లగా నీళ్లు కొట్టి కడిగితే చాలు. బండి కింద నీళ్ల చుక్కలు పడుతుంటే భయం లేదు, అది కూలింగ్ కాయిల్ మీద చేరిన తేమ.

ఈ రెండూ బాగుండి కూడా వేడిగాలే వస్తే, షాపులో "గ్యాస్ ఎంత?" అని కాకుండా "లీక్ టెస్టుకు ఎంత?" అని అడగండి. నా దగ్గర 300 తీసుకుని, పని చేయించాక బిల్లులో తగ్గించారు. ఎన్ని గ్రాములు పట్టారో బిల్లు మీద రాయించుకోండి, మార్చిన పాత సామాను అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఏం తేలిందో ఇక్కడ రాస్తే, అంకెలు చూసి నాకు తెలిసినంత చెబుతాను.