కోడిపిల్లలు ఇంట్లో ఎన్నాళ్లు ఉండొచ్చు

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి ఫోన్లో నీ మాట సగం, కోడిపిల్లల కిచకిచలు సగం వినిపించాయి. బాబు మారాం చేశాడని బండి మీద నాలుగు రంగు కోడిపిల్లలు కొన్నావు, సరే. హాల్లో ఓ మూల వల కట్టి అక్కడే పెంచేస్తే కుక్కల బాధ, పిల్లుల బాధ ఉండదు, ఇంటి గుడ్లు తినొచ్చు అన్నావు. ఫోన్లో తెమిలే సంగతి కాదని రాస్తున్నాను.

మూడు, నాలుగు వారాలు ఇంట్లో ఉంచుకో. ఆ తర్వాత వద్దు. రెండు గదుల పోర్షన్లో, అందులోనూ చిన్నపిల్లాడు ఉన్న చోట పెద్ద కోళ్లు అసలే వద్దు.

నేను చేసి చూసి చెబుతున్నాను తల్లీ. 2015 నవంబర్లో నెల్లూరంతా వానలకు మునిగిందే, అప్పుడు మా దొడ్లో గూడు కూలిపోయింది. ఏడు కోళ్లను తెచ్చి వంటింటి పక్క గదిలో పెట్టాను. కింద గోనెపట్టాలు పరిచాను, పొద్దునా సాయంత్రం ఊడ్చాను. మూడో రోజు తెల్లవారి తలుపు తీస్తే పొయ్యిలో ఎండుమిరపకాయ పడ్డట్టు కళ్లు మండాయి. కోడికి మూత్రం విడిగా రాదు, రెట్టలోనే తెల్లగా కలిసి వస్తుంది. ఎండ లేక, గాలి లేక ఆ తడి ఆరకపోతే అమ్మోనియా వాసన పుడుతుంది. రెండు పెట్టలకు కళ్లు వాచి మూసుకుపోయాయి. బియ్యం డబ్బా మూత మీద వేలు పెడితే సన్నటి తెల్ల పొడి, ఈకల దుమ్ము. ఎనిమిదో రోజు కోళ్లను బయటికి తీశాక కూడా మీ పెదనాన్నకు దగ్గు నెలరోజులు తగ్గలేదు. మంచం నులకలో కోడిపేలు చేరాయి. నీ బిడ్డకు చలికాలంలో పిల్లికూతలు వస్తాయని నువ్వే చెప్పావు. ఆ దుమ్ములో వాణ్ని ఉంచకు. వాడు నేల మీద చెయ్యి పెట్టి ఆ చెయ్యే నోట్లో పెట్టుకుంటాడు, రెట్టలోని క్రిములతో విరేచనాలు, జ్వరం వస్తాయి.

ఇప్పుడు ఆ నాలుగింటి సంగతి. లోతైన అట్టపెట్టె తీసుకో. అడుగున న్యూస్‌పేపర్ ఒక్కటే వేయకు, కాళ్లు జారి పక్కలకు విచ్చుకుపోతాయి, ఇక అవి నడవలేవు. పాత గోనెగుడ్డ వెయ్యి, లేదా రైసుమిల్లులో వరి ఊక తెచ్చి పరుచు. పైన ఒక మూలకు 60 వాట్ల పాతరకం బల్బు వేలాడదియ్యి, అట్టకు గానీ గుడ్డకు గానీ తగలకుండా చూడు. ఎల్‌ఈడీకి వేడి రాదు. పిల్లలన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా ఉన్నాయంటే చలి. దూరంగా జరిగి రెక్కలు జార్చి నోరు తెరిచాయంటే వేడి ఎక్కువైంది, బల్బు పైకి జరుపు. నీళ్లు సాసర్లో పోసి అందులో నాలుగు గులకరాళ్లు వెయ్యి, లేకపోతే తడిసి చలికి చస్తాయి. మేతకు సన్న నూకలొక్కటే చాలవు, షాపులో కోడిపిల్లల దాణా దొరుకుతుంది, అదే పెట్టు. రోజూ ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని వెనక చూడు. రెట్ట అంటుకుని గట్టిపడి ఉంటే గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి మెత్తబడేదాకా అద్ది తియ్యి. పీకితే తోలు ఊడొస్తుంది. ముట్టుకున్న ప్రతిసారీ నువ్వూ వాడూ సబ్బుతో చేతులు కడుక్కోండి.

టీకా మాట మరిచిపోవద్దు. కొక్కెర తెగులు వస్తే పచ్చగా పారుకుని, మెడ మెలి తిరిగి, వారం తిరక్కుండా గూడంతా ఖాళీ అవుతుంది. వచ్చాక మందు లేదు. పుట్టిన ఏడు రోజుల్లోపు లసోటా అనే టీకా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయించాలి. నీవి ఎన్ని రోజుల పిల్లలో తెలియదు కాబట్టి రేపే పశువుల ఆసుపత్రిలో అడుగు. టీకా సీసా కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, ఒక్కో సీసా వందకు పైగా కోళ్లకు వస్తుంది. అందుకే మా వీధిలో అందరం ఒకే రోజు వేయిస్తాం. 2024 ఫిబ్రవరిలో మన పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి చికెన్ షాపులు మూయించారు, నీకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి కోడి ఉన్నట్టుండి చచ్చిపోతే వట్టి చేత్తో ముట్టుకోకు, డాక్టరుకు చెప్పు.

నీకు నచ్చని మాట ఒకటి. బండి మీద అమ్మే రంగు పిల్లలు దాదాపు అన్నీ పుంజులే. గుడ్ల కోళ్ల హేచరీల్లో పెట్టల్ని ఉంచుకుని పుంజుల్ని తీసేస్తారు, వాటికే రంగులద్ది అమ్ముతారు. గుడ్లు రావు. నాలుగైదు నెలలకు కూత మొదలవుతుంది, తెల్లవారుజామున నాలుగింటికే. ఇంటి ఓనరు ఎంత మంచివాడైనా ఊరుకోడు.

గుడ్లే కావాలంటే వేరే దారుంది. ఓనరు ఒప్పుకుంటే మేడ మీద నీడ ఉన్నచోట గూడు పెట్టుకో, మే నెల ఎండకు రేకు కింద కోడి బతకదు, పైన తాటాకు కప్పించు. నాలుగు పెట్టలకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చాలు, పడుకోవడానికి అడ్డకట్టె ఒకటి ఉండాలి. పగలు తిరగడానికి ఇంకాస్త చోటు వదులు. అరంగుళం కన్నాల వల కొట్టించు, పెద్ద కన్నాలుంటే పిల్లి పంజా దూర్చి లాగుతుంది. కింద నాలుగు వేళ్ల మందం ఊక పోసి రెండు రోజులకోసారి తిరగెయ్యి. గ్రామప్రియ జాతి పెట్టలు తెచ్చుకో, ఏడాదికి రెండొందల దాకా పెడతాయి. నాటుపెట్ట అందులో సగం కూడా పెట్టదు. పుంజు లేకపోయినా గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు పొదగడానికి పనికిరావు, అంతే.

ఈ నాలుగింటికి ఈకలు నిండాక, ఓ ఆదివారం అట్టపెట్టెకు కన్నాలు పొడిచి పొదలకూరు బస్సెక్కు. బాబును కూడా తీసుకురా, నిమ్మచెట్ల కింద వాటిని వాడి చేత్తోనే వదిలిద్దాం. గంప, గూడు సిద్ధం చేసి ఉంచుతాను. ఈ రాత్రికి బల్బు మాత్రం ఆర్పకు.

మీ పెద్దమ్మ