మంచం కింద గొర్రెపిల్లలు

ప్రశ్న: డాక్టరమ్మా, మాది దేవరకొండ దగ్గర పల్లె. మా మామయ్యకు 72 ఏళ్లు. బతుకంతా గొర్రెలు కాశారు. నాలుగేళ్ల కింద మంద అమ్మేశాం. ఏడాది నుంచి నడక నెమ్మదైంది, చేతులు బిగుసుకుంటున్నాయి. ఆరు నెలలుగా పొద్దుగూకితే చాలు, మంచం కింద గొర్రెపిల్లలు ఉన్నాయంటారు. నేను అన్నం పట్టుకుని వెళ్తే "పైలం బిడ్డా, పిల్లను తొక్కుతవ్" అంటారు. ఎన్ని ఉన్నాయంటే లెక్కపెట్టి ఏడు అని చెప్తారు. అవి అరవవట. ఒక్కోరోజు మామూలుగా లెక్కలన్నీ మాట్లాడతారు, మరుసటి రోజు మగతగా ఉంటారు. పదేళ్లుగా నిద్రలో కేకలేస్తూ చేతులు విసురుతారని అత్తమ్మ చెప్పింది. చుట్టాలు గాలి సోకిందంటే జాన్‌పహాడ్ దర్గాకు తీసుకెళ్లాం. కల్లు మానినందుకే ఇట్లయిందని మా బావగారు అంటారు. మానేసి రెండు నెలలైంది. పోయిన నెల నిద్రకని ఊళ్లో ఇంజెక్షన్ ఇప్పిస్తే మూడు రోజులు కట్టెలా బిగుసుకుపోయి మంచం దిగలేదు. ఇది పిచ్చేనా? మా పిల్లలకూ వస్తుందా?
- ఒక కోడలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే భయం వేసింది ఆ ఇంజెక్షన్ సంగతి చదివినప్పుడు. ముందు అదే చెప్తాను. మీరు రాసినవన్నీ, అంటే లేనివి కనపడటం, నడక మందగించడం, ఒకరోజు తెలివి ఒకరోజు మగత, నిద్రలో చేతులు విసరడం, ఒకచోట చేరిస్తే లూయీ బాడీ డిమెన్షియా అనే జబ్బు గుర్తుకొస్తుంది. మెదడు కణాల్లో ఒక రకం ప్రోటీన్ ముద్దలు కడుతుంది. 1912లో వాటిని మొదట వర్ణించిన డాక్టరు పేరే జబ్బుకు పెట్టారు. పార్కిన్సన్స్‌కు, అంటే వణుకుడు జబ్బుకు, ఇది దగ్గరి చుట్టం. ఈ జబ్బున్నవాళ్లకు హాలోపెరిడాల్ లాంటి, మనిషిని శాంతపరచడానికి ఇచ్చే మానసిక జబ్బుల మందులు పడవు. ఒక్క డోసుతో బిగుసుకుపోవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆ రోజు ఏ మందు ఇచ్చారో నాకు తెలియదు. అయినా అలాంటిది మళ్లీ ఎవరినీ ఇవ్వనీయకండి.

ఇది పిచ్చి కాదు. జనం పిచ్చి అనే స్కిజోఫ్రీనియా చాలామందికి పడుచు వయసులో మొదలవుతుంది, ఎక్కువగా మాటలు వినపడతాయి. డెబ్బై దాటాక మొదటిసారి ఆకారాలు కనపడుతుంటే మెదడు, కళ్లు, వాడే మాత్రలు, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఇవి చూడాలి. పిల్లల గురించి టెన్షన్ పడకండి, ఇది సాధారణంగా వంశంలో దిగే జబ్బు కాదు.

మీ బావగారి మాటను నేను కొట్టిపారేయను. మన వైపు కొన్నిచోట్ల కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తు మందులు కలుపుతారు. అలవాటైన మనిషి ఒక్కసారిగా మానితే కొన్ని రోజుల్లోనే చెమటలు, వణుకు, ఫిట్స్, లేనివి కనపడటం మొదలవ్వొచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కానీ మామయ్యకు గొర్రెపిల్లలు ఆరు నెలల నుంచి కనపడుతున్నాయి, కల్లు మానింది రెండు నెలల కిందే.

ఇక ఇంట్లో ఎలా మెలగాలి? మా నాయనమ్మ సంగతి చెప్తాను. ఆమెది అచ్చంపేట. నీటికాసులతో, అంటే గ్లకోమాతో, రెండు కళ్లూ పోయాయి. ప్రహరీ గోడ మీద జరీ లంగాల ఆడపిల్లలు వరసగా కూర్చున్నారని చెప్పేది. నేనప్పుడు మెడిసిన్ రెండో సంవత్సరం. చేయి పట్టుకుని గోడ దగ్గరకు తీసుకెళ్లి, ఈ చివర నుంచి ఆ చివరి దాకా తడిమించి, "చూడు నాయనమ్మా, ఎవరూ లేరు" అన్నాను. ఆ తర్వాత ఆమె ఆ పిల్లల మాట నా దగ్గర ఎత్తలేదు. పోయే ముందు మా అమ్మతో చెప్పిందట, వాళ్లు రోజూ వస్తూనే ఉన్నారని. చూపు పోయినప్పుడు మెదడు తనే బొమ్మలు అల్లుకుంటుందని, స్విట్జర్లాండ్‌లో చార్లెస్ బోనే తన తాతకు ఇలా కనపడటం గురించి 1760లోనే రాశాడని నేను చదువుకునేసరికి నాయనమ్మ లేదు. అందుకే చెప్తున్నాను, మామయ్యతో వాదించకండి. అబద్ధం కూడా ఆడొద్దు. "నాకు కనపడట్లేదు మామయ్యా, మీకు కనపడుతున్నాయి కదా, అవి ఏమన్నా చేస్తున్నాయా?" అని అడగండి. ఆయన భయపడకపోతే ఆ ఏడు పిల్లలనూ ఉండనివ్వండి. భయపడితే చేయి పట్టుకుని వేరే గదిలోకి తీసుకెళ్లి, మందలో ఏ గొర్రె ఎట్లుండేదో మాటల్లో పెట్టండి.

పొద్దుగూకక ముందే లైటు వేయండి. మంచం కింద గోనెసంచులు, చెప్పులు, మూటలు ఉంటే తీసేయండి, గోడకు వేలాడే చొక్కాలు కూడా. మసక వెలుతురులో అవే ఆకారాలవుతాయి. శుక్లాలు ఉన్నాయేమో కళ్లు చూపించండి. ఇలా కనపడటం ఉన్నట్టుండి బాగా పెరిగితే జ్వరం, మూత్రంలో మంట, మలబద్ధకం, ఎండకు నీళ్లు తక్కువ తాగడం, వీటిని అనుమానించండి.

నల్లగొండ ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్యుల్ని కలవండి, అక్కడి నుంచి హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో న్యూరాలజీకి, అంటే మెదడు, నరాల డాక్టర్ల దగ్గరకు, వెళ్లొచ్చు. జబ్బు పూర్తిగా తగ్గదమ్మా, కానీ రివాస్టిగ్మిన్ లాంటి మందులతో ఇలా కనపడటం చాలామందికి తగ్గుతుంది. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్, జలుబు మాత్రలు కొన్ని ముసలివాళ్లకు ఇదే ఇబ్బంది తెస్తాయి. కాబట్టి ఇంట్లో ఉన్న మందుల షీట్లన్నీ సంచిలో వేసుకెళ్లండి, మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. రాత్రిపూట మీకే మనసు తట్టుకోలేనట్టుంటే 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పోయిన నెల ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లను అడిగి దాని పేరు మాత్రం తప్పకుండా తెలుసుకోండి. ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో "ఇది పడలేదు" అని రాసి మామయ్య ఆధార్ కార్డుతో పాటు పెట్టండి.