దిగేటప్పటి సంగతి

చిరంజీవి బిడ్డకు మేనమామ దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

నువ్వు ఆ పాత పోర్షే కేమన్ కారును ఇంగ్లండ్‌లోని షెల్స్‌లీ వాల్ష్ హిల్‌క్లైంబ్‌లో, అంటే గడియారం పెట్టి కొండ ఎక్కించే కార్ల పందెంలో, దింపబోతున్నావని మీ అమ్మ నిన్న షెడ్డు దాకా వచ్చి భయపడుతూ చెప్పింది. నేను మీసం దువ్వుకుంటూ విన్నాను. ఆమె వెళ్లిపోయాక ఆ భయం నాకూ అంటుకుంది. 1905 నుంచి పందేలు నడుస్తున్న ఆ వెయ్యి గజాల దారిలో, బాగా నిటారైన చోట దాదాపు ఆరడుగులకు ఒక అడుగు చొప్పున లేచే ఆ ఎత్తులో, కాశిబుగ్గలో నాకు పానాలు అందించిన పిల్ల కారు నిలబెడుతుందంటే రాత్రి నిద్ర పట్టలేదు.

లైసెన్సు, హెల్మెట్, మంటకు తట్టుకునే దుస్తులు నిర్వాహకులు చెప్పినట్టే ఉండాలి. మామూలు బీమా సాధారణంగా పందేలకు వర్తించదు, కాగితం చదువు. ట్యాంకు నిండుగా పోయించకు. దారి మొత్తం ఒకసారి కాలినడకన ఎక్కు.

ఒక్కొక్క కారునే విడిచే పందెం కనుక టైర్లు వేడెక్కడానికి ముందుగా చుట్లు తిరిగే వీలుండదు, మొదటి మలుపు దగ్గర రబ్బరు ఇంకా చల్లగానే ఉండి పట్టు తక్కువగా ఇస్తుంది. పచ్చదీపం వెలగగానే ఉరకవలసిన పని లేదు. కారు ముందుభాగం ప్రారంభరేఖ దగ్గరి కాంతి కిరణాన్ని తెంచినప్పుడే గడియారం మొదలవుతుంది కాబట్టి ఊపిరి పీల్చుకుని కదులు. బ్రేకు పని మలుపుకు ముందే, చక్రాలు తిన్నగా ఉండగానే ముగించుకో. మలుపు మధ్యలో భయమేసినా యాక్సిలరేటరు మీది కాలు ఒక్కసారిగా తీయవద్దు. ఇంజను నీ వీపు వెనుకే ఉంది, బరువు ముందుకు ఒరిగి వెనుక చక్రాలు తేలికపడితే బండి నిన్ను అడగకుండానే తిరిగిపోతుంది.

ఇక బ్రేకు ఆయిలు మార్చావా? మార్చానంటే నమ్మను, కొత్త డబ్బా మూత తీస్తున్న ఫొటో పంపు. నలభై సెకన్ల ఎక్కుడులో బ్రేకులేం కాగుతాయి మామా అని నవ్వుతావని తెలుసు.

1984లో నాకు ఇరవై మూడేళ్లు. షెడ్డుకు వచ్చిన ఒకరి అంబాసిడర్‌కు కొత్త పిస్టన్లు వేసి, దాని సత్తా చూడాలన్న పొగరుతో నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్‌కు తోలుకుపోయాను. వెనుక సీట్లో మీ అమ్మ, పదమూడేళ్ల పిల్ల, మా నాయన చేతిగడియారం పట్టుకుని కూర్చుంది. లారీలు తిరిగే దారి మీద ఆ పని చేయడమే తప్పు, ఇప్పుడు ఎవడైనా చేస్తానంటే చెంప పగలగొడతాను. అయినా ఎక్కడం బ్రహ్మాండంగా ఎక్కాము. తిరుగుదారిలో నేను పై గేరులోనే ఉంచి, కాలు బ్రేకు మీదే మోపి, ఎన్ని నిమిషాలైందో చెప్పమని మాటిమాటికీ వెనక్కి తిరుగుతూ దిగాను. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, చక్రంతో తిరిగే డ్రమ్మును లోపలి నుంచి షూలు ఒరిసి ఆపుతాయి. వేడికి డ్రమ్ము వ్యాకోచిస్తే షూలకు దూరమవుతుంది. దానికి తోడు, ఇంజను మీద అంత శ్రద్ధ పెట్టిన నేను ఏళ్లనాటి బ్రేకు ఆయిలును ముట్టలేదు. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమపడితే 140 దగ్గరే మరగవచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి చేరుతుంది, కాలి బలమంతా ఆ ఆవిరిని నొక్కడానికే సరిపోతుంది. పెడలు నేలకంటింది, బండి ఆగలేదు. గేరు దించబోతే పళ్లు గరగరమన్నాయి. కొండవైపు తిప్పి రాళ్లకు ఒరిపించి ఆపాను.

పగిలిన అద్దానికి మీ అమ్మ మోచేయి కోసుకుపోయింది. బావి గట్టు మీద జారిపడ్డానని ఇంట్లో అబద్ధం చెప్పింది ఆమే, నాకు నోరు పెగలలేదు. రాళ్లకు ఒరిసి పాడైన ఆ కారు తలుపుల డబ్బు ఏడాది పాటు కట్టాను కానీ ఆ మచ్చకు ఏం కట్టగలను?

నీవి డిస్కు బ్రేకులు, మంచివి. డాట్ 4 ఆయిలు కొత్తగా ఉంటే కనీసం 230, తేమపడితే 155. రకం మారినా తేమను పీల్చే గుణం మారదు. అయితే నా భయం ఆయిలు ఒక్కటే కాదు. గమ్యరేఖ దాటగానే ఎన్ని సెకన్లు పట్టిందోనని నీ మనసు గడియారం మీదికి పోతుంది, మామ రక్తం కదా. రేఖ దాటాక ఆగడానికి ఎంత దారి మిగులుతుందో నడిచి అడుగులు లెక్కపెట్టుకో. కిందికి తక్కువ గేరులో, ఎవరితోనూ పోటీ పెట్టుకోకుండా రా.

మోచేయి సంగతి నేను రాశానని మీ అమ్మతో అనకు. పందెం నాడు ఎంత రాత్రైనా మేలుకునే ఉంటాను. పైకి చేరాక కాదు, కిందికి దిగి ఇంజను ఆపాక ఫోను చెయ్యి. ఆయిలు డబ్బా ఫొటో మాత్రం రేపే పంపు.

ఇట్లు,
మీ మామ,
వరంగల్