దుస్తుల్లో దాచే కాలర్ మైకు ఎంపిక

కెమెరాకు కనబడకుండా నటుల దుస్తుల్లో అమర్చి సంభాషణలు రికార్డు చేయడానికి, దొరికేవాటిలో అన్నిటికన్నా చిన్న కాలర్ మైకు తీసుకుంటే సరిపోతుందా అని మీరు అడిగారు. సెట్లో సింక్ సౌండ్ (షూటింగ్ జరుగుతుండగానే మాటలు రికార్డు చేసే) పని చేసిన అనుభవంతో చెబుతున్నాను: చిన్నదైతే దాచడం సులువే కానీ, దాచిన మైకు శబ్దాన్ని ఎక్కువగా పాడుచేసేది దానికి తగిలే గుడ్డ రాపిడి.

నా తొలి రోజుల్లో నేనూ పరిమాణమే చూసి ఒక మైకు తీసుకుని, గరగరలాడే నైలాన్ జాకెట్ కింద వేలాడదీశాను. నటుడు తల తిప్పినా చెయ్యెత్తినా మాటల మీదే గరగర పడింది, ఆ సన్నివేశం మొత్తం డబ్బింగ్ చెప్పించవలసి వచ్చింది. తప్పు మైకుది కాదు, రెండు పొరల మధ్య దాన్ని కదలనిచ్చిన నాది. ఆ తరువాత నుంచి, జిగురు బయటికి వచ్చేలా టేపును త్రికోణంగా మడిచి, అటువంటివి రెండు చేసి, మైకు తలకు కొంచెం దిగువన వైరును వాటి మధ్య ఇరికించి, లోపలి పొర, బయటి పొర రెండూ దానికే అంటుకునేలా చేస్తున్నాను. వైరును కింద ఒక చిన్న చుట్టగా తిప్పి వేరే టేపుతో బిగిస్తే, నడకలో వచ్చే లాగుడు మైకు దాకా చేరదు.

అన్ని దిక్కుల నుంచీ వినే ఓమ్ని రకమే తీసుకోండి. ఒకే దిక్కుకు వినే కార్డియాయిడ్ మైకు కాస్త పక్కకు తిరిగినా గొంతు మారిపోతుంది, దాని వెనుక రంధ్రాలను గుడ్డ మూసేస్తుంది, రాపిడి కూడా ఎక్కువగా పట్టుకుంటుంది.

ఇక ఆకారం సంగతి. శాంకెన్ కాస్-11డి అనే మైకు సుమారు 4 మిల్లీమీటర్ల మందంతో సన్నగా పొడవుగా ఉండి చొక్కా బొత్తాల పట్టీలో చక్కగా ఒదుగుతుంది. డీపీఏ 6060 మందం 3 మిల్లీమీటర్లే, కౌంట్రీమన్ బీ6 ఇంకా సన్నం. ఇవి బొత్తాం కాజాలోనో జుట్టు అంచునో ఇమిడిపోతాయి.

ఛాతీ దగ్గర పెట్టిన మైకుకు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే హల్లుల స్పష్టత తక్కువగా అందుతుంది, పైన గుడ్డ కప్పితే ఇంకా మందగిస్తుంది. అందుకని ఆ పై పౌనఃపున్యాలను కొంత పెంచి వినిపించే మైకు, లేదా తల మీది చిన్న మూత మార్చి ఆ పెంపును మార్చుకోగలిగే మైకు ఉపయోగపడుతుంది. అయితే ఆ పెంపు గరగరను కూడా పెంచుతుంది కాబట్టి మోతాదు చూసుకోవాలి.

సున్నితత్వం, అంటే ఒకే శబ్దానికి మైకు ఎంత బలమైన సిగ్నల్ ఇస్తుందన్నదాని మీద చాలామంది శ్రద్ధ పెట్టరు, అది నాకు బాధగా ఉంటుంది. డీపీఏ 4060 ఒక పాస్కల్ (శబ్ద పీడనపు కొలమానం) శబ్దానికి 20 మిల్లీవోల్టులు ఇస్తే, 4061 ఇచ్చేది 6 మాత్రమే. గుసగుసల సన్నివేశాలకు మొదటిది, అరుపులకు రెండవది తగినది, ఎందుకంటే ట్రాన్స్‌మిటర్ (నటుడి ఒంటి మీద ఉండి మైకు శబ్దాన్ని వైర్‌లెస్‌గా పంపే పెట్టె) దగ్గరే సిగ్నల్ మరీ ఎక్కువై పగిలిన గొంతును తరువాత ఎవరూ బాగుచేయలేరు. ప్లగ్గు ఒకేలా కనబడినా లోపలి వైరింగు వేరుగా ఉండవచ్చు కనుక, మీ ట్రాన్స్‌మిటర్ మోడల్ చెప్పి ఆ రకమే అడగండి.

కొనే ముందు వీలైతే అద్దెకు తెచ్చి, అసలు సన్నివేశపు దుస్తులే వేయించి, నడిపించి, కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్‌లో వినండి. పొడవాటి కర్రకు కట్టి నటుల తలల పైన పట్టుకునే బూమ్ మైకును మాత్రం మానవద్దు. కౌగిలింత సన్నివేశాల్లో ఒకరి ఛాతీ మైకు మూసుకుపోతుంది. అప్పుడు ఎదుటివారి మైకులోనో, పైనున్న బూమ్‌లోనో ఆ మాట దొరుకుతుంది.