ఏ ఎలుక? — ఒక యువ రచయిత్రికి లేఖ

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. చిట్టెలుక వెంట్రుకను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసిన పేరా బాగుంది. కొస నలుపు, దాని కింద సన్నని పసుపు పట్టీ, ఆ కింద మళ్లీ నలుపు అని కంటితో చూసినదాన్ని చూసినట్టే రాశావు. అయితే ఈ ఉత్తరం రాయించింది ఆ పేరా కాదు. నాలుగో పేజీలో "పసుపు ఎలుకలో లావెక్కించే జన్యువు దొరికింది, మన ఇళ్లలో మధుమేహానికి మూలం కూడా అదే" అని రాశావు. అక్కడ ఆగిపోయినవాణ్ణి ఆ రాత్రి మిగతా పేజీలు చదవలేకపోయాను.

ఎలుకల మీద జరిగిన పరిశోధన గురించి తెలుగులో రాసే ప్రతి వాక్యమూ "ఏ ఎలుక?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలగాలని నా నమ్మకం. ఏ వంశపు ఎలుక, ఏ జన్యువు ఏ రూపంలో ఉన్న ఎలుక, ఆడదా మగదా, ఏం తిని పెరిగింది, ఎంత వేడిలో ఉంది అన్నవి తెలియకుండా "ఎలుకల్లో తేలింది" అని రాయడం విజ్ఞాన రచన కాదు. ఈ మాట ఎంతమంది సంపాదకులతో అన్నానో! పాఠకుడికి అంత వివరం అక్కరలేదని వాళ్లు ప్రతిసారీ అన్నారు. పాఠకుడికి అక్కర ఉందని నేను ఇప్పటికీ అంటున్నాను.

నీ పసుపు ఎలుకనే తీసుకుందాం. ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరంలో లూసియన్ క్వేనో పసుపు ఎలుకలను ఒకదానితో ఒకటి జతకట్టించి, ఎన్నిసార్లు చూసినా శుద్ధమైన పసుపు వంశం నిలవడం లేదని 1905లో ప్రకటించాడు. మెండెల్ లెక్క ప్రకారం మూడు పసుపు పిల్లలకు ఒకటి మామూలు రంగుది పుట్టాలి. ఆయనకు పసుపువి అంతకంటే కాస్త తక్కువే వచ్చాయి. పసుపు రూపం మోసే అండం అదే రూపం మోసే వీర్యకణాన్ని స్వీకరించడం లేదేమోనని ఆయన ఊహించాడు. 1910లో అమెరికాలో విలియం కాజిల్, క్లారెన్స్ లిటిల్ మరెన్నో ఈతలు లెక్కపెట్టి, రెండు పసుపు పిల్లలకు ఒకటి చొప్పున మామూలు రంగుది పుడుతోందని చూపి, రెండు వైపుల నుంచీ పసుపు రూపాన్ని పొందిన పిండాలు గర్భంలోనే చనిపోతున్నాయని చెప్పారు. అంటే ఆ ఎలుకను గురించి లోకానికి మొదట తెలిసిన పెద్ద సంగతి లావు కాదు, పుట్టకుండా పోయిన పిల్లలు. నీ వ్యాసంలో ఈ పిల్లల ప్రస్తావనే లేదు.

ఆ పైన 1992లో, రోమం రంగును అదుపుచేసే అగూటి అనే ఈ జన్యువును వేరుచేసి చదివినప్పుడు లోపల జరిగినది బయటపడింది. మామూలు ఎలుకలో ఈ జన్యువు చర్మంలో, వెంట్రుక పెరిగే కాలంలో కొద్ది రోజులు మాత్రమే పనిచేసి, నల్ల వర్ణకాన్ని తయారుచేయమని చెప్పే గ్రాహకాన్ని (కణం మీద కబురు అందుకునే ప్రోటీన్‌ను) కాసేపు అడ్డుకుంటుంది. నీవు చూసిన పసుపు పట్టీ ఆ కాసేపటి గుర్తే. క్వేనో ఎలుకలో సుమారు 1,70,000 అక్షరాల పొడవున్న డీఎన్ఏ ముక్క ఊడిపోయింది. పక్కనున్న వేరొక జన్యువును నడిపే భాగం అగూటికి వచ్చి అతుక్కుంది. ఆ పక్క జన్యువు ఒళ్లంతా పనిచేసేది కాబట్టి అగూటి ప్రోటీన్ కూడా ఒళ్లంతా, మెదడులో సహా, ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది. చర్మంలో అది ఎం.సి.1.ఆర్. అనే గ్రాహకాన్ని అడ్డుకుంటే రోమం పసుపవుతుంది. మెదడులో ఆకలిని అదుపుచేసే హైపోథాలమస్‌లో దానికి సోదరి వంటి ఎం.సి.4.ఆర్.ను అడ్డుకుంటే "ఇక చాలు" అనే కబురు చేరదు. దాంతో ఎలుక పెరిగి పెద్దదయ్యేకొద్దీ లావెక్కుతుంది, దాని రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది, మగవాటిలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది, కణితులు తొందరగా వస్తాయి. అమ్మా, ఇందులో లావెక్కించే జన్యువు ఎక్కడుంది? ఉండకూడని చోట, ఉండకూడని వేళ పనిచేస్తున్న రంగు జన్యువు ఉంది. నీ వ్యాసానికి ప్రాణం ఇదే, నీవు దీన్ని ఒక్క ముక్కలో దాటేశావు.

ఇక్కడే నా ప్రశ్న నీకు ఎంత ఉపయోగపడేదో చూడు. అదే పసుపు రంగు ఉన్న మరో ఎలుక ఉంది. దానిలో అగూటి బాగానే ఉంటుంది, ఎం.సి.1.ఆర్. చెడిపోయి ఉంటుంది. అది పుట్టుకతోనే పసుపు, కానీ లావెక్కదు. 1997లో ఎం.సి.4.ఆర్.ను పూర్తిగా తొలగించి పుట్టించిన ఎలుకలు లావెక్కాయి, కానీ పసుపు కాలేదు. పసుపు ఉండి లావు లేనిది ఒకటి, లావు ఉండి పసుపు లేనిది ఒకటి, రెండూ ఉన్నది ఒకటి. ఈ మూడింటినీ పక్కపక్కన నిలబెడితే పాఠకుడికి ఏ గ్రాహకం ఏ పని చేస్తుందో తనంతట తనకే తెలుస్తుంది. "పసుపు ఎలుకలు లావెక్కుతాయి" అని రాస్తే అతనికి అబద్ధం చెప్పినట్టు అవుతుంది.

ఒక పత్రికలో నా పసుపు ఎలుక వ్యాసానికి తెల్ల ఎలుక బొమ్మ వేశారు. అడిగితే, "ఎలుకే కదండీ" అన్నారు. తెల్ల ఎలుకలో టైరోసినేజ్ అనే ఎంజైమ్ పనిచేయదు, అందుచేత నల్ల వర్ణకమూ లేదు, పసుపు వర్ణకమూ లేదు. అగూటి ఏ రూపంలో ఉన్నా దాని ఒంటి మీద ఆ రంగు కనబడే వీలే లేదు. వ్యాసంలో నేను చెప్పినదంతా ఆ బొమ్మ ఒక్కటే కొట్టిపారేసింది. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

అంతకంటే బాధపెట్టినది లెప్టిన్ వ్యవహారం. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ ప్రయోగశాలలో ఓబీ అనే లావు ఎలుక వంశం, ఆ తర్వాత డీబీ అనే మధుమేహపు ఎలుక వంశం బయటపడ్డాయి. రెండూ చూడడానికి ఒకేలా బొద్దుగా ఉంటాయి. డగ్లస్ కోల్మన్ రెండేసి ఎలుకల రక్తప్రసరణను శస్త్రచికిత్సతో కలిపి చూశాడు. డీబీతో కలిపిన మామూలు ఎలుక తిండి మానేసి చచ్చిపోయింది. డీబీతో కలిపిన ఓబీ ఎలుకకూ అదే గతి పట్టింది. ఓబీకి కబురు పంపే పదార్థం లేదని, డీబీలో ఆ పదార్థం పుష్కలంగా ఉన్నా దాన్ని అందుకునే శక్తి లేదని ఆయన తేల్చాడు. ఆ పదార్థాన్ని 1994లో జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందం కనుక్కొంది, ఆ తర్వాత దానికి లెప్టిన్ అని పేరు పెట్టింది. దీని మీద నేను రాసిన వ్యాసం శీర్షికలో "ఎలుకల్లో" అన్న మాట ఉంది. ఆదివారం అనుబంధం చూసే పెద్దమనిషి దాన్ని కొట్టేసి, కోల్మన్ ప్రయోగాల పేరా తీసేసి, లావు తగ్గించే హార్మోన్ వచ్చేసిందన్నట్టు అచ్చువేయించాడు. కొద్దిరోజులకు అనకాపల్లి వైపు నుంచి ఒక తండ్రి ఆ కాగితం కత్తిరించి జేబులో పెట్టుకొని, లావుగా ఉన్న కూతురిని వెంటపెట్టుకొని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆ ఇంజెక్షన్ కేజీహెచ్ ఆసుపత్రిలో ఇస్తారా, బయట కొనాలా అని అడిగాడు. లెప్టిన్ పుట్టుకతోనే లేని పిల్లలు లోకంలో బహు అరుదు అనీ, అటువంటి ఇద్దరు పిల్లలను గురించి 1997లో బ్రిటన్‌లో చెప్పారనీ, వాళ్లకు ఆ ఇంజెక్షన్ గొప్పగా పనిచేస్తుంది గానీ మామూలుగా లావెక్కినవాళ్ల రక్తంలో లెప్టిన్ అప్పటికే ఎక్కువగా ఉంటుందనీ ఆ అమ్మాయి వింటుండగా ఆయనకు చెప్పవలసి వచ్చింది. సంపాదకుడు కొట్టేసిన ఒక్క మాట కోసం ఆ తండ్రి ఒక రోజు కూలి పోగొట్టుకున్నాడు.

డీబీ ఎలుకను గురించి నీవు రాసిన రెండు వాక్యాలూ మార్చు. అదే ఉత్పరివర్తన, అంటే జన్యువులో వచ్చిన మార్పు, సి57 బ్లాక్ 6 అనే వంశంలో ఉంటే ఎలుక లావెక్కుతుంది గానీ మధుమేహం తేలికగా వచ్చి సర్దుకుంటుంది. దానికి దగ్గరి చుట్టమైన బ్లాక్ కేఎస్ వంశంలో ఉంటే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు పాడైపోయి మధుమేహం ముదిరి ఎలుక చిన్న వయసులోనే చనిపోతుంది. మారిన జన్యువు ఒకటే అయినా, మిగతా జన్యువులు వేరు కావడంతో జబ్బు వేరయింది. ఇది తెలిసినవాడు ఎలుక వంశం పేరు ఎలా కొట్టేస్తాడు?

ఇక నీ వ్యాసంలో ఎక్కువమంది మెచ్చుకోబోయే భాగం, నన్ను ఎక్కువ కలవరపెట్టిన భాగం ఒకటే: తల్లి తిండి వల్ల పిల్లల రంగు మారిన ప్రయోగం. 2003లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాటర్లాండ్, జర్టిల్ చేసినది అది. ఇక్కడి ఎలుక క్వేనో ఎలుక కాదు. దీని అగూటి జన్యువు ముందు, చోటు మార్చుకుంటూ తిరిగే ఒక డీఎన్ఏ ముక్క వచ్చి చేరింది. ఆ ముక్క మీద మిథైల్ గుర్తులు, అంటే డీఎన్ఏకు అతుక్కునే చిన్న రసాయన గుర్తులు, ఎన్ని పడితే జన్యువు అంత అణుగుతుంది. జన్యువులు ఒకటే అయిన పిల్లలు ఒకే ఈతలో కొన్ని పసుపుగా, కొన్ని మచ్చలతో, కొన్ని గోధుమ రంగులో పుట్టడం ఇందువల్లే. తల్లులకు ఫోలిక్ ఆమ్లం, బీ12, కోలిన్, బీటైన్ కలిపిన మేత పెడితే ఆ గుర్తులు ఎక్కువై గోధుమ రంగు పిల్లల వాటా పెరిగింది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని లెడర్లీ ప్రయోగశాలలో వేరుచేసి సంశ్లేషించిన బృందాన్ని నడిపినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. నీవు ఆయన పేరు తలచుకోలేదు, తలచుకొని ఉంటే సంతోషించేవాణ్ణి.

ఆ తరువాత నీవు "కాబట్టి గర్భిణి తినే ప్రతి ముద్దా బిడ్డ తలరాతను రాస్తుంది" అన్నావు. ఈ ఫ్యాషన్ నాకు అసహ్యం. కొన్నేళ్లుగా ఎపిజెనెటిక్స్ (జన్యువు మారకుండానే దాని పని మారడాన్ని చదివే శాస్త్రం) అన్న పేరు చెప్పి, బిడ్డకు ఏ జబ్బు వచ్చినా తల్లి తిండినో, తల్లి మనసునో నిందించే వ్యాసాలు మన పత్రికల నిండా వస్తున్నాయి. ఆ ఎలుకలో రంగును మార్చినది ఒక ప్రత్యేకమైన చోట వచ్చి కూర్చున్న ఒక ప్రత్యేకమైన డీఎన్ఏ ముక్క. మన అగూటి జన్యువు ముందు అది లేదు. మన ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఐరన్, ఫోలిక్ మాత్రలు ఇచ్చేది రక్తహీనత రాకుండా. గర్భం నిలవకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే బిడ్డ వెన్నుపాము, మెదడు లోపాలు తగ్గుతాయని మనుషుల మీదే జరిపిన పరీక్షల్లో తేలింది. ఎలుక రంగు సంగతినీ ఈ మాత్రల సంగతినీ నీవు కలిపేస్తే, చదివిన గర్భిణి మాత్రలు రెట్టింపు మింగవచ్చు, లేదా తన బిడ్డ లావుకు తానే కారణమని ఏళ్లతరబడి కుమిలిపోవచ్చు.

మనిషి సంగతి అసలు రాయవద్దని కాదు, ఆధారం ఉన్నచోట ధైర్యంగా రాయి. ఆ రెండు గ్రాహకాలకూ కబురు తీసుకుపోయే హార్మోన్లకు మూలమైన పి.ఓ.ఎం.సి. అనే జన్యువు పనిచేయని పిల్లలను 1998లో గుర్తించారు. ఆ పిల్లలకు విపరీతమైన ఆకలి, స్థూలకాయం, ఎర్రజుట్టు, అడ్రినల్ గ్రంథి లోపం. ఎం.సి.4.ఆర్. మీద పనిచేసే సెట్‌మెలనోటైడ్ అనే మందును అటువంటి అరుదైన జబ్బులకు 2020లో అమెరికాలో అనుమతించారు. ఆ మందు ఎం.సి.1.ఆర్.ను కూడా కొంత కదిలించడం వల్ల తీసుకున్నవారి చర్మం నల్లబడుతుంది. 2022లో జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు, అగూటి జన్యువు మానవ రూపం పక్క జన్యువు అదుపులోకి పోయి ఒళ్లంతా పనిచేస్తున్న ఒక అమ్మాయిని గుర్తించారు. క్వేనో ఎలుకలో జరిగినటువంటిదే మనిషిలో కనబడడానికి వందేళ్లకు పైగా పట్టింది. నీవు నాలుగో పేజీలో చెప్పాలనుకున్న మాటకు నిజమైన ఆధారం ఈ అమ్మాయి, ఆమె తర్వాత అదే మార్పుతో వాళ్లకు దొరికిన మరో నలుగురు. వాళ్లను గురించి రాయి, మన ఇళ్లలోని మధుమేహం జోలికి పోకు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. వ్యాసం సిద్ధమయ్యాక మాట్లాడుకుందాం.

మళ్లీ రాసేటప్పుడు బరువు లెక్కల దగ్గర ఒక సంగతి చేర్చు. ప్రయోగశాలల్లో ఎలుకలను మామూలుగా 20 నుంచి 22 డిగ్రీల వద్ద ఉంచుతారు. ఒంటి వేడి కాపాడుకోవడానికి అదనంగా శక్తి ఖర్చుపెట్టనక్కరలేకుండా ఎలుక ఉండగలిగేది 30 డిగ్రీల ప్రాంతంలో. మన విశాఖలో మే నెలలో ఏసీ లేని గదిలో ఉన్న ఎలుకా, జాక్సన్ ప్రయోగశాల ఉన్న బార్ హార్బర్‌లో చల్లని గదిలో ఉన్న ఎలుకా ఒకే మేత తిన్నా ఒకేలా బరువు పెరగవు. నీవు పట్టికలో ఇచ్చిన బరువులు ఏ వేడిలో తీసుకున్నవో మూల పరిశోధన పత్రాల పద్ధతుల విభాగంలో చూసి, ఒక్కో అంకె పక్కన వంశం పేరు, వయసు, ఆడ మగ తేడా రాసుకో. వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఉంటాను. మార్చిన వ్యాసంతో పాటు ఆ పత్రాల నకళ్లు కూడా తీసుకొని రా.

ఆశీస్సులతో