రెండేళ్ల చదువు కోసం షాద్‌నగర్ ప్లాట్ అమ్మాలా?

ప్రశ్న: మాది తణుకు. ఇరవై ఏళ్లుగా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. అందరికీ గ్రీన్ కార్డులున్నాయి. మా ఇద్దరి జీతాలూ కలిపి ఏడాదికి లక్షా 85 వేల డాలర్లు. మా అమ్మాయి ఇక్కడి ఒలోనీ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు పూర్తిచేస్తోంది. సివిల్ ఇంజినీరింగ్ చేసి నీటి వనరుల రంగంలో పనిచేయాలని తన కోరిక. మిగతా డిగ్రీ యూనివర్సిటీలో పూర్తిచేయడానికి (ట్రాన్స్‌ఫర్‌కి) మూడు చోట్ల సీటొచ్చింది. లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీకి గ్రాంటు పోగా ఏడాదికి 84 వేలు, యూసీ డేవిస్‌కి అన్నీ కలిపి 41 వేలు, ఇంటి నుంచే శాన్ హోసే స్టేట్‌కి వెళ్తే 16 వేల డాలర్లు అవుతుంది. తన చదువు కోసం దాచిన 529 పొదుపు ప్లాన్‌లో 62 వేలున్నాయి. మావారు యూఎస్‌సీకే పంపాలంటున్నారు. డేవిస్ వ్యవసాయం కాలేజీ అనీ, నలుగురిలో చెప్పుకోవడానికి బాగోదనీ ఆయన మాట. తల్లిదండ్రులకి ప్రభుత్వం ఇచ్చే పేరెంట్ ప్లస్ లోన్ తీసుకుని, చాలకపోతే షాద్‌నగర్ దగ్గర 2012లో కొన్న ప్లాట్ అమ్మేద్దామంటున్నారు. అమ్మాయికి డేవిస్ నచ్చింది కానీ నాన్నకి ఎదురు చెప్పలేకపోతోంది. జూన్ 1 లోపు డేవిస్‌కి ఏదో ఒకటి చెప్పాలి. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ధరకి యూఎస్‌సీ వద్దు. ప్లాట్ జోలికి వెళ్లొద్దు. అమ్మాయిని డేవిస్‌కి పంపండి. అయితే ఒక షరతు ఉంది. అక్కడ రెండేళ్లలో డిగ్రీ పూర్తవుతుందని కాగితం మీద తేలాలి.

ఆ షరతు ఎందుకో వివరంగా చెప్పాలి. ట్రాన్స్‌ఫర్ పిల్లల విషయంలో ఎక్కువ కుటుంబాలు దెబ్బతినేది అక్కడే. మీరు మూడు యూనివర్సిటీలకూ ఏడాది ఖర్చు రాశారు. ఎన్నేళ్లు కట్టాలో రాయలేదు. రెండేళ్లేనని అనుకుని ఉంటారు. మొదటి ఏడాదిలో చేరే పిల్లలకి నాలుగేళ్ల దారి ముందే గీసి ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ విద్యార్థి మధ్యలో ఎక్కుతుంది కాబట్టి, పాత కాలేజీలో చదివిన కోర్సుల్లో ఏవి మేజర్ (డిగ్రీలో ఎంచుకున్న ప్రధాన సబ్జెక్టు) కింద లెక్కకొస్తాయన్న దాన్ని బట్టి ఆ దారి పొడవు మారిపోతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. యూనిట్లు (కోర్సుల క్రెడిట్లు) ఒప్పుకోవడం వేరు, మేజర్‌కి లెక్కలోకి తీసుకోవడం వేరు. "మీ 60 యూనిట్లూ ఒప్పుకున్నాం" అని ఉత్తరం రావచ్చు. వాటిలో పదో పదిహేనో ఎలక్టివ్‌ల (ఐచ్ఛిక కోర్సుల) కింద పడిపోతే డిగ్రీ ఒక్క అడుగు కూడా ముందుకు జరగదు. సివిల్ ఇంజినీరింగ్‌లో ఇది మరీ గట్టిగా తగులుతుంది. స్టాటిక్స్ అయితేనే స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్ అయితేనే హైడ్రాలిక్స్, ఆ తర్వాతే చివరి డిజైన్ ప్రాజెక్టు. అలాంటి కోర్సు ఒకటి లెక్కకి రాక, అది ఏడాదికి ఒక్కసారే పెట్టేదైతే, ఆ ఒక్క కోర్సు కోసం ఏడాది పోతుంది. డేవిస్‌లో ఆ ఏడాది మీకు 41 వేలు. యూఎస్‌సీలో ఒక్క సెమిస్టర్ పెరిగినా 42 వేలు.

కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీలకి (డేవిస్ లాంటివి), కాల్ స్టేట్‌లకి (శాన్ హోసే స్టేట్ లాంటివి) ఏ కోర్సు దేనికి సరిపోతుందో అసిస్ట్ అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఒలోనీని, డేవిస్‌ని ఎంచుకుని సివిల్ ఇంజినీరింగ్ నొక్కితే వరసగా కనిపిస్తుంది. శాన్ హోసే స్టేట్‌కీ అంతే. యూఎస్‌సీ ప్రైవేటు యూనివర్సిటీ కాబట్టి అందులో ఉండదు. వాళ్ల లెక్క వాళ్లే వేసి చెప్పాలి. ఈ వారంలోనే అమ్మాయి చేత మూడు డిపార్ట్‌మెంట్ల అడ్వైజర్లకీ ఈమెయిల్ రాయించండి. ఏ టర్మ్‌లో ఏ కోర్సు తీసుకోవాలో డిగ్రీ అయ్యేవరకూ ప్లాన్ వేసి ఇమ్మని అడగాలి. ఫోన్లో "పర్లేదు, అయిపోతుంది" అన్న మాట సరిపోదు. రాతపూర్వకంగా ఉండాలి.

ఇక యూఎస్‌సీ డబ్బు సంగతి. అన్నీ కలిసొచ్చి రెండేళ్లలో పూర్తయిందనే అనుకుందాం. లక్షా 68 వేలు కావాలి. అమ్మాయి పేరు మీద ఫెడరల్ లోన్ మూడో ఏడాది నుంచి ఏటా 7,500 డాలర్లకు మించి రాదు. మిగతాది పేరెంట్ ప్లస్‌తో మీవారు చూసుకుంటారులే అనుకుంటే, దానికీ ఇప్పుడు హద్దు పెట్టారు. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి ఒక విద్యార్థి మీద ఏడాదికి 20 వేలు, మొత్తం మీద 65 వేలే. అంటే మొదటి ఏడాది 84 వేలలో లోన్లు పోగా మిగిలిన 56,500 కోసం 529 దాదాపు ఖాళీ అవుతుంది. రెండో ఏడాదికి మళ్లీ అంతే లోటు. దానికి ప్రైవేట్ లోనైనా తీసుకోవాలి, ప్లాటైనా అమ్మాలి.

పేరెంట్ ప్లస్ వడ్డీ 2025-26లో 8.94 శాతం. పైగా నాలుగు శాతానికి పైగా ఫీజు ముందే కోసుకుంటారు. రెండేళ్లకి 40 వేలు తీసుకుని పదేళ్లలో తీర్చాలంటే నెలకి 500 డాలర్లు దాటుతుంది. అది తల్లిదండ్రుల అప్పు. అమ్మాయి కట్టకపోతే అడిగేది మిమ్మల్నే. మీవారి వయసెంతో రాయలేదు కానీ, కాలేజీకొచ్చిన బిడ్డ ఉన్న ఇంట్లో రిటైర్మెంట్ మరీ దూరంగా ఉండదు.

ప్లాట్ అమ్మకం గురించి మీవారు ఇంకాస్త ఆలోచించాలి. ఎన్నారై అమ్మితే కొనేవాళ్లు టీడీఎస్ (ముందే పట్టే పన్ను) కోసి ఇవ్వాలి. తక్కువ టీడీఎస్‌కి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే చాలాసార్లు లాభం మీద కాకుండా మొత్తం ధర మీదే కోస్తారు. రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకునేసరికి ఇక్కడ ఫీజు గడువు దాటిపోతుంది. ఇండియాలో దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం, ఆపైన సెస్సు. డబ్బు ఎన్ఆర్ఓ ఖాతా (ఎన్నారైల రూపాయి ఖాతా) ద్వారా చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్‌తో రావాలి. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి అదే లాభాన్ని అమెరికా రిటర్న్‌లోనూ చూపించాలి. ఫెడరల్ పన్నులో ఇండియాలో కట్టింది మినహాయించుకోవచ్చు. కాలిఫోర్నియా మాత్రం విదేశాల్లో కట్టిన పన్నుకి క్రెడిట్ ఇవ్వదు, తన వాటా తను తీసుకుంటుంది. ఇన్ని చేతులు మారాక మీకు మిగిలేది మీవారు మనసులో అనుకుంటున్న అంకె కంటే బాగా తక్కువ. ఇంకో మాట. ఫాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సాయం దరఖాస్తు) నింపేటప్పుడు ఆ ప్లాట్‌ని ఆస్తుల్లో చూపించారా? ఇండియాలో ఉన్నా చూపించాల్సిందే. చాలామంది మన వాళ్లు తెలియక వదిలేస్తారు. వదిలేసి ఉంటే వెంటనే సరిదిద్దండి.

పేరు విషయంలో మీవారి మాటని కొట్టిపారేయను. ట్రాన్స్‌ఫర్‌గా రెండేళ్లే చదివినా చేతికొచ్చే డిగ్రీ అందరికీ వచ్చేదే. ఐదో పదో వేలు ఎక్కువ పెడితే పెద్ద పేరు వస్తుందంటే నేనే తీసుకోమంటాను. సినిమా చదువు, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్, కన్సల్టింగ్ లాంటివైతే యూఎస్‌సీ పేరుకీ అక్కడి పూర్వ విద్యార్థుల పరిచయాలకీ నిజంగా విలువుంది. మీ అమ్మాయి ఎంచుకున్న రంగం వేరు. సివిల్ ఇంజినీరుకి తలుపులు తెరిచేది పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్సు. దానికి కావాల్సింది అబెట్ (ఇంజినీరింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపున్న డిగ్రీ, ఎఫ్ఈ అనే తొలి పరీక్ష, కొంత అనుభవం, ఆపైన పీఈ పరీక్ష, కాలిఫోర్నియాలో అదనంగా భూకంప సూత్రాలు, సర్వేయింగ్ పరీక్షలు. మూడు యూనివర్సిటీల సివిల్ డిగ్రీకీ అబెట్ గుర్తింపు ఉంది. రాష్ట్ర జలవనరుల శాఖలో, కౌంటీ వాటర్ డిస్ట్రిక్టుల్లో, రాష్ట్ర రవాణా శాఖ కాల్‌ట్రాన్స్‌లో జీతాలు పోస్టుని బట్టి ఉంటాయి, డిగ్రీ మీద రాసిన ఊరిని బట్టి మారవు.

అలన్ క్రూగర్, స్టేసీ డేల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో ఇదే విషయాన్ని పరిశీలించారు. పెద్ద పేరున్న కాలేజీలో సీటొచ్చినా కాదనుకుని మరో చోట చదివినవాళ్ల సంపాదన, ఆ పెద్ద కాలేజీలోనే చదివినవాళ్ల సంపాదనతో దాదాపు సమానంగా ఉందని తేలింది. పేద కుటుంబాల పిల్లలకి మాత్రం పెద్ద కాలేజీ వల్ల మేలు జరిగింది. మీ ఇంటి పరిస్థితి అది కాదు. యూఎస్‌సీ సీటు తెచ్చుకున్న తెలివి మీ అమ్మాయిది. ఎక్కడికెళ్లినా అది తనతోనే వెళ్తుంది.

డేవిస్ వ్యవసాయం కాలేజీ అన్నారు. అది మొదలైంది యూనివర్సిటీ వ్యవసాయ క్షేత్రంగానే. ఆ మూలం వల్లే నీటి చదువులో దానికి అంత బలం. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీ పంటలన్నీ నీటి పంపకం మీద నడుస్తాయి. వాటర్‌షెడ్ శాస్త్రాల కోసం ఒక ప్రత్యేక పరిశోధన కేంద్రమే అక్కడుంది. గోదావరి కాలువల కింద, లాకుల పక్కన పెరిగిన తణుకు మనిషి మీరు. నీళ్లు పొలానికి చేర్చే ఇంజినీరు విలువ మీవారికి నాకంటే మీరే బాగా చెప్పగలరు.

డేవిస్ ఖర్చు మీ చేతిలో ఎలా ఇముడుతుందో చూడండి. రెండేళ్లకి 82 వేలు. 529లో 62, అమ్మాయి ఫెడరల్ లోన్ 15, మిగతా 5 వేలు తన వేసవి సంపాదన. రిటైర్మెంట్ డబ్బు కదలదు, ప్లాట్ కదలదు, మీ పేరు మీద అప్పు ఉండదు. ఆ 41 వేలు కూడా కొంత తగ్గొచ్చు. యూసీలు విద్యార్థులందరికీ హెల్త్ ఇన్సూరెన్స్ వాటంతటవే కలిపేస్తాయి. అమ్మాయి మీ ఆఫీసు ఇన్సూరెన్స్‌లో ఉంటే గడువులోగా వేవర్ (అక్కర్లేదన్న దరఖాస్తు) పెడితే ఆ డబ్బు మిగులుతుంది. కారు అక్కర్లేదు. ఫ్రీమాంట్ నుంచి డేవిస్‌కి క్యాపిటల్ కారిడార్ రైలు నేరుగా వెళ్తుంది. అపార్ట్‌మెంట్ లీజు పన్నెండు నెలలకు అయితే వేసవి అద్దె కూడా మీ లెక్కలో ఉందో లేదో సరిచూడండి.

ఒక చిన్న పన్ను లాభం కూడా ఉంది. అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ అనే చదువు పన్ను రాయితీ ఏడాదికి 2,500 డాలర్ల వరకు వస్తుంది. భార్యాభర్తలు కలిసి రిటర్న్ వేస్తే ఆదాయం లక్షా 60 వేలు దాటగానే తగ్గుతూ లక్షా 80 వేలకి పోతుంది. మీది లక్షా 85 కాబట్టి రాదని వదిలేసి ఉంటారు. ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు 401(కె)లో పన్నుకి ముందు వేసే డబ్బు ఈ లెక్కలో ఆదాయం నుంచి తీసేస్తారు. ఇద్దరూ కలిపి ఏడాదికి 20 వేలు అందులో వేస్తే మిగిలేది లక్షా 65, క్రెడిట్‌లో ముప్పావు వంతు మీదే. అయితే 4 వేల ఫీజు 529 నుంచి కాకుండా వేరే డబ్బుతో కట్టి ఉండాలి. అమ్మాయి లోన్‌తో కట్టినా చెల్లుతుంది. ఒక్కో విద్యార్థికి నాలుగు పన్ను సంవత్సరాలే ఇస్తారు. ఒలోనీ రోజుల్లో ఏవైనా వాడేశారేమో పాత రిటర్నులు చూడండి.

నిజంగా తేల్చుకోవాల్సింది డేవిస్, శాన్ హోసే స్టేట్ మధ్యే. రెండేళ్లలో 50 వేల తేడా. శాన్ హోసేకి వెళ్తే 529లో 30 వేలు మిగులుతాయి, రేపు మాస్టర్స్‌కి పనికొస్తాయి. సివిల్‌లో చాలామంది మాస్టర్స్ చేస్తారు, అదేదో డేవిస్‌లోనే చేయొచ్చు కూడా. అయినా నేను డేవిస్ వైపు మొగ్గడానికి కారణం, రెండేళ్లే ఉండే విద్యార్థికి సమయం చాలా తక్కువ. కొత్త చోట సర్దుకునేలోపే మరుసటి వేసవి ఇంటర్న్‌షిప్‌ల కోసం కెరీర్ ఫెయిర్ వచ్చేస్తుంది. ప్రొఫెసర్లతో పరిచయం, ల్యాబ్‌లో పని, కాంక్రీట్ పడవ పోటీ లాంటి విద్యార్థి సంఘాల పనులు ఇవన్నీ మొదటి ఏడాదిలోనే పట్టుకోవాలి. రోజూ 880 ఫ్రీవే మీద రాకపోకలు చేస్తూ ఇవన్నీ చేసేవాళ్లు ఉన్నారు కానీ కష్టం. ఈ 50 వేల తేడా అమ్మాయికి అంకెలతో సహా చెప్పి, నిర్ణయం తనకే వదలండి. ఇంతకాలం తన మాట ఎవరూ అడగలేదు. శాన్ హోసే అంటే అదీ మంచి నిర్ణయమే.

మీవారి తృప్తి కోసం యూఎస్‌సీకి ఒక అప్పీల్ రాయండి. గ్రాంటు పెరిగి ఏడాది ఖర్చు 50 వేల లోపుకి వస్తే, రెండేళ్ల ప్లాన్ కూడా ఇస్తే, మళ్లీ మాట్లాడుకోవచ్చు. దాని కోసం ఎదురుచూస్తూ జూన్ 1 మాత్రం దాటనివ్వొద్దు.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇది చదువుతుంటే ఒక మాట. ఫెడరల్ లోన్ల లెక్క మీకు వర్తించదు. పిల్లలకి 21 నిండితే హెచ్-4 పోతుంది. ఆ తర్వాత ఫీజు రెసిడెంట్ రేటులోనే ఉంటుందో లేదో, చేరకముందే యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.

డేవిస్ ప్లాన్‌లో మూడేళ్లు అని వస్తే మాత్రం నా సలహా మారుతుంది. అప్పుడు ఖర్చు లక్షా 23 వేలవుతుంది. రెండేళ్లలో పూర్తవుతుందని శాన్ హోసే రాసిస్తే అక్కడికే పంపండి. ఏది ఎంచుకున్నా, సీటు ఇప్పుడు నడుస్తున్న సెమిస్టర్ మార్కుల మీదే నిలబడి ఉందని అమ్మాయికి గుర్తుచేయండి. ఒప్పుకున్న కోర్సులు వదలకుండా మంచి గ్రేడ్లతో పూర్తిచేసి, ఒలోనీ నుంచి చివరి ట్రాన్‌స్క్రిప్ట్ గడువులోగా పంపించాలి.