ఖాళీ ఆసనానికి దండాలెందుకు?

ప్రశ్న: డ్రాయింగు మాస్టారికి నమస్కారం. సెలవుల్లో పిల్లల్ని మద్రాసు ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళ్లాం. అమరావతి శిల్పాల్లో ఒకచోట చెట్టు కింద ఖాళీ ఆసనం, కింద రెండు పాదాలు, చుట్టూ జనం దండాలు పెడుతున్నారు. ‘బుద్ధుడేడమ్మా?’ అని మావాడు ఒకటే గొడవ. ఏం చెప్పమంటారు?
– ఒక గృహిణి, మూలాపేట, నెల్లూరు

జవాబు: అక్కడే ఉన్నాడని చెప్పండమ్మా. తొలినాటి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవారు కాదు. బోధివృక్షం ఉంటే జ్ఞానోదయం, చక్రం ఉంటే సారనాథ్‌లో చేసిన మొదటి బోధ, స్తూపం ఉంటే నిర్యాణం. పాదాలున్నాయంటే స్వామి వచ్చి కూర్చున్నట్టే. కాదు, అది ఆయన పోయాక ఆ చోటికి వచ్చి మొక్కుతున్న యాత్రికుల బొమ్మ అనే పండితులూ ఉన్నారు. వాళ్ల వాదన తీసిపారేసేది కాదు గానీ, ఆ పాదాలు చూశాక నా మనసు మొదటి మాట మీదికే పోతుంది.

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఒక అమరావతి పలక ఉంది. ఒకవైపు క్రీస్తుకు పూర్వం చెక్కిన బొమ్మ: చెట్టు, ఖాళీ ఆసనం, భక్తులు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాతిని తిప్పి రెండోవైపు స్తూపం చెక్కారు. ఆ స్తూపం వాకిట్లో బుద్ధుడు మనిషి రూపంలో నిలబడి ఉంటాడు. రాయి ఒకటే, మధ్యలో కాలం మారింది. బొమ్మలు గీసేవాణ్ణి కదా, నాకైతే పాత వైపే ఇష్టం. లేని మనిషిని ఉన్నట్టు చూపించడం మాటలు కాదు.

మీవాడికి ఇంకా దగ్గరగా చూపించాలంటే రంగనాయకుల గుడికి తీసుకెళ్లండి. అర్చకులు తలమీద పెట్టే శఠారి పైభాగం చూడమనండి, స్వామి పాదాలుంటాయి. కృష్ణాష్టమికి పిడికిలిని పిండినీళ్లలో ముంచి, పక్కవాటుగా నేలమీద అద్ది, పైన ఐదు చుక్కలు పెడతాం కదా. గడప నుంచి దేవుడి గూటి దాకా ఆ అడుగులు వాడిచేతే వేయించి, ‘ఇంట్లోకి ఎవరొచ్చారు?’ అని అడగండి.

ప్రశ్న: చిన్న క్లినిక్ పెడుతున్నాం. బోర్డు మీద ఎర్ర ప్లస్ గుర్తు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వద్దు బాబూ. తెలుపు మీద ఎర్ర శిలువ రెడ్‌క్రాస్ గుర్తు. స్విట్జర్లాండ్ జెండా రంగుల్ని తిరగేసి 1864 జెనీవా ఒప్పందంలో ఖాయం చేశారు. యుద్ధంలో గాయపడినవాళ్లనూ, వాళ్లకు వైద్యం చేసేవాళ్లనూ కాల్చకూడదని దాని అర్థం. మన దేశంలో 1960 చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాడటం నేరం. వీధికి నాలుగు బోర్డుల మీద కనబడుతుందంటారా? కనబడుతుంది. అయినా వద్దు. కర్రకు చుట్టుకున్న ఒంటిపాము వేయించండి, గ్రీకుల వైద్యదేవుడి గుర్తు అది. రెక్కలూ రెండు పాములూ ఉన్నది మాత్రం వర్తకుల దేవుడిది. ఫీజు సంగతి జనం అప్పుడే అనుకుంటారు!

ప్రశ్న: మా నాన్నగారికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ప్యాకెట్ మీద శాకాహారం గుర్తు ఎలా పోల్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: రంగు వదిలేసి ఆకారం చూడమనండి. చదరంలో గుండ్రటి చుక్క ఉంటే శాకాహారం, త్రిభుజం ఉంటే మాంసాహారం. ఇదివరకు రెండూ చుక్కలే. మీ నాన్నగారి లాంటి వాళ్ల ఇబ్బంది చూసే మార్చారు. గుడ్డు వేసిన కేకు మీదా త్రిభుజమే ఉంటుంది, పాలకోవా మీద చుక్క.